రెట్టింపైన సాయం ఉద్దానం దాకా రావాలి: శ్రీకాకుళం కలెక్టరు గారికి బహిరంగ లేఖ

శ్రీకాకుళం జిల్లా కలెక్టరు గారికి,
జిల్లా సైనిక్ బోర్డు అధ్యక్షుల హోదాలో,



ఉద్దానంలో మాజీ సైనికుల కుటుంబాలకు చేతనైన సాయం చేసే ఒక చిన్న సంఘానికి నేను కార్యదర్శిని. మద్రాస్ సాపర్స్‌లో చేరి సుబేదారుగా రిటైరై ఊరికి వచ్చినవాణ్ణి. సైనిక కుటుంబాలకు రెట్టింపైన సాయం గురించి సోమవారం అర్జీల్లో ఒక కాగితంగా ఇవ్వొచ్చు, ఇచ్చాం కూడా. మళ్లీ పత్రికలో రాయడానికి కారణం ఉంది. ఇది తెలియాల్సిన ఇళ్లు ఇచ్ఛాపురం, కంచిలి, కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల నిండా ఉన్నాయి. వాళ్లకు చెప్పేవారు లేరు. మీకు రాస్తే వాళ్లకూ చెప్పినట్టవుతుందని ఈ లేఖ.

2025 అక్టోబరులో రక్షణ మంత్రిత్వ శాఖ ఒక మంచి పని చేసింది. కేంద్రీయ సైనిక్ బోర్డు ద్వారా ఇచ్చే మూడు సాయాలను రెట్టింపు చేసింది. పెన్షన్ రాని, 65 ఏళ్లు దాటిన మాజీ సైనికులకూ, వాళ్లు పోయాక మిగిలిన భార్యలకూ నెలనెలా ఇచ్చే పెన్యూరీ గ్రాంటు 4,000 నుంచి 8,000 రూపాయలైంది. ఇద్దరు పిల్లల వరకు, ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా ఇచ్చే చదువు సాయం నెలకు 1,000 నుంచి 2,000 అయింది. ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లకూ, వితంతువు మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లికీ ఇచ్చే 50,000 ఇప్పుడు లక్ష. నవంబరు 1 నుంచి పెట్టుకునే దరఖాస్తులకు ఈ కొత్త మొత్తాలు వర్తిస్తాయి. ఏడాదికి సుమారు 257 కోట్లు అవుతుందని, సాయుధ దళాల పతాక దినోత్సవ నిధి నుంచి ఇస్తామని ప్రకటించారు. ప్రతి డిసెంబరు 7న సైనిక సంక్షేమ అధికారి మీ దగ్గరకు వచ్చి తగిలించే చిన్న జెండా ఆ నిధిదే. 1949 నుంచి బడిపిల్లలు, ఆఫీసుల్లో గుమాస్తాలు, బస్టాండులో ప్రయాణికులు హుండీలో వేసిన చిల్లర దాని మూలధనం.

పట్టాళంలో చేసిన ప్రతివాడికీ పెన్షన్ వస్తుందని ఊళ్లో అందరూ అనుకుంటారు. జవానుకు పెన్షన్ రావాలంటే సాధారణంగా 15 ఏళ్ల సర్వీసు నిండాలి. 1962 తర్వాత, 1971 ముందూ వెనకా మన జిల్లా నుంచి గుంపులు గుంపులుగా చేరినవాళ్లలో కొందరు అంతకాలం ఉండలేకపోయారు. తండ్రి మంచాన పడితే, భూమి తగాదాలో చిక్కుకుంటే, ఇంట్లో మగదిక్కు లేకపోతే సొంత కోరిక మీద డిశ్చార్జి తీసుకుని వచ్చేశారు. ఎనిమిదేళ్లో పదేళ్లో మంచులో, ఎడారిలో నిలబడ్డవాళ్లకు ఊళ్లో మిగిలింది 'మిలటరీ ఆయన' అన్న పిలుపు. పెన్షన్ లేదు, చాలామందికి మాజీ సైనికులకు ఇచ్చే ఈసీహెచ్‌ఎస్ వైద్యం లేదు. పైగా ఉద్దానం. ఇక్కడ కిడ్నీ జబ్బు ఇంటింటికీ తెలుసు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను జీడి, కొబ్బరి తోటల్ని నేలమట్టం చేశాక ఉన్న ఆదాయమూ పోయింది. పెన్యూరీ గ్రాంటు సరిగ్గా ఇలాంటివాళ్ల కోసం పెట్టినది. మా సంఘం లెక్కలో ఇది సాయం కాదు, బాకీ.

ఈ మధ్య మా సంఘం రూపురేఖలే మారిపోయాయి. ఆ మార్పు గురించి మీకు కొంచెం వివరంగా చెప్పాలి. మీ దగ్గర ఉండాల్సిన పని ఎంతవరకు మా గదిలోకి వచ్చి చేరిందో దాన్నిబట్టి తెలుస్తుంది.

మొదట్లో సంఘం అంటే కలుసుకునే చోటు. జనవరి 26న, ఆగస్టు 15న జెండా, జూలై 26న కార్గిల్ అమరులకు దండ. సభ్యుడు పోతే పూలగుచ్ఛం పట్టుకుని అందరం యూనిఫాం టోపీలతో వెళ్లి సెల్యూట్ చేసేవాళ్లం. ఇంటివాళ్ల చేతిలో కొంత డబ్బు పెట్టేవాళ్లం. నెలకింత అని పెన్షన్ వచ్చే సభ్యులు వేసుకునే చందాలే నిధి. 1971లో తూర్పు రంగంలో పనిచేసిన పెద్దాయన సంఘాన్ని మొదలుపెట్టి చివరిదాకా అధ్యక్షుడిగా ఉన్నారు. నిరుడు ఆయన కాలం చేశారు. ఆ తరం ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

ఆయన పోయిన తర్వాత జరిగిన మొదటి సమావేశంలోనే వితంతువులకు సభ్యత్వం, ఓటు ఇవ్వాలన్న మాట వచ్చింది. అప్పటిదాకా వాళ్లు సాయం పుచ్చుకునేవాళ్లే, లోపల కూర్చునేవాళ్లు కాదు. వాదన గట్టిగానే జరిగింది. సంఘం సైనికులది, నంబరు ఉన్నవాడిది అని కొందరు పట్టుబట్టారు. భర్త సియాచిన్‌లో ఉంటే ఇక్కడ అత్తమామల్నీ పిల్లల్నీ పొలాన్నీ ఒంటిచేత్తో ఈదుకొచ్చినావిడది సర్వీసు కాదా అని కొత్త తరం నాయక్‌లూ హవల్దార్లూ అడిగారు. ఓటింగు పెట్టాం, నెగ్గింది. ఇప్పుడు మా కోశాధికారి ఒక నాయక్ గారి భార్య. ఆవిడ చాలాకాలం డ్వాక్రా సంఘానికి లీడరుగా చేసింది. బ్యాంకులో ఏ కౌంటర్లో ఏ కాగితం అడుగుతారో ఆవిడకు కొట్టినపిండి. పూలగుచ్ఛాలకు పెట్టే ఖర్చు తగ్గించి, ల్యాప్‌టాప్, ప్రింటరు కొనిపించింది ఆవిడే. మేం లెక్కలు రాసుకునే చిత్తు పుస్తకం పోయి ప్రతి రూపాయికీ ఓచరు వచ్చింది. మంచి మార్పు. దీని గురించి నాకు ఇంకో అభిప్రాయం లేదు.

అక్టోబరు ప్రకటన పత్రికల్లో పడేసరికి మా గది ముందు చెప్పులు పెరిగాయి. వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. గ్రాంటు కావాలంటే దరఖాస్తు సైనిక్ బోర్డు పోర్టల్‌లో పెట్టాలి. దానికి ఫోను నంబరు, ఈమెయిలు, ఓటీపీ. దరఖాస్తుకు డిశ్చార్జి బుక్కు, సైనిక సంక్షేమ కార్యాలయం ఇచ్చిన గుర్తింపు కార్డు, వయసు రుజువు, బ్యాంకు పాసుబుక్కు జతచేయాలి. జిల్లా ఆఫీసు చూసి రాష్ట్రానికి, రాష్ట్రం చూసి ఢిల్లీకి. సక్రమంగా ఉన్నవాళ్లకు ఇది కష్టమేమీ కాదు. చేతి రాతతో నింపి పోస్టులో వేసి, ఏమైందో తెలియక ఎదురుచూసిన రోజులకంటే ఎంతో మెరుగు. చిక్కంతా సక్రమంగా లేనివాళ్లతోనే. ఈ గ్రాంటు అవసరమైనవాళ్లలో ముప్పాతిక వంతు వాళ్లే.

ఒకావిడ సంగతి చెబుతాను. పేరు వద్దు. భర్త సిపాయి, పదేళ్లు నిండకుండానే వచ్చేశాడు. తర్వాత కిడ్నీలు పాడై పోయాడు. ఆవిడ పలాస దగ్గర జీడి కార్ఖానాలో పిక్కలు ఒలుస్తుంది. మనవడి చేత నల్లరంగు ఇనప్పెట్టె మోయించుకుని మా గదికి వచ్చింది. పెట్టె మూత మీద తెల్లరంగుతో రాసిన నంబరు, ర్యాంకు, పేరు ఇంకా చదవడానికి వీలుగానే ఉన్నాయి. లోపల పాత ఊలు స్వెట్టరు కింద ప్లాస్టిక్ కవరులో డిశ్చార్జి బుక్కు. తిత్లీ రోజున ఇంటి పైకప్పు లేచిపోయి పెట్టెలోకి నీళ్లు వెళ్లాయి. పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. మా కోశాధికారి దాన్ని ఎండలో కాకుండా నీడన పెట్టి, బ్లేడు మొనతో ఒక్కో పేజీ విడదీసింది. కుటుంబ వివరాల పేజీ బయటపడింది. భార్య పేరు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది.

అతను రెండు నెలల సెలవులో వచ్చి పెళ్లి చేసుకుని తిరిగి వెళ్లాడు. పెళ్లి కాగితం యూనిట్లో ఇస్తే పార్ట్ టూ ఆర్డరు పడేది, రికార్డుకెక్కేది. ఇవ్వలేదు. పల్లెటూరి పెళ్లికి అప్పట్లో కాగితమేది? సర్వీసులో ఉండగా పెళ్లయి, పిల్లలు పుట్టి, అంత్యక్రియలు కూడా చేసిన మనిషికి తను అతని భార్యనని రుజువు లేదు. ఆ రుజువు లేకపోతే గుర్తింపు కార్డు లేదు. కార్డు లేకపోతే దరఖాస్తు లేదు.

ఇక బ్యాంకు ఖాతా. ఎప్పుడో తెరిచినది వాడకం లేక నిలిచిపోయింది. మళ్లీ తెరవాలంటే వేలిముద్ర. మిషను మీద బొటనవేలు పెడితే పడలేదు. చూపుడువేలు పెడితే పడలేదు. పదివేళ్లూ అయ్యాయి. కౌంటర్లో ఉన్న కుర్రాడు చేతులు కడుక్కుని రమ్మన్నాడు. జీడి పెంకులోని నూనె యాసిడ్‌లా కాలుస్తుంది. పిక్క ఒలిచే ఆడవాళ్లు చేతులకు బూడిద రాసుకున్నా గీతలు అరిగిపోతాయి. "నా ఏళ్లని జీడి తినేసినాది బాబూ, ఎంత కడిగినా ఏటొస్తాది?" అంది ఆవిడ. ఆ రోజు కూలి పోయింది, ఆటో ఖర్చులు పోయాయి, పని కాలేదు.

కలెక్టరు గారూ, ఈవిడ ఒక్కరే కాదు. ఇంచుమించు ఇదే కథ, ఒక్కో ఇంట్లో ఒక్కో కొసరుతో. డిశ్చార్జి బుక్కులో పేరుకు ముందు రెండు పొడి అక్షరాలు ఉంటాయి, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఇద్దరూ ఒకరే అని నోటరీ కావాలి. పుట్టిన తేదీ పట్టాళంలో ఒకటి, రేషను కార్డులో ఇంకొకటి. సరిచేయించాలంటే రికార్డ్ ఆఫీసుకు రాయాలి. మద్రాస్ రెజిమెంట్ వాళ్లది వెల్లింగ్టన్, ఆర్టిలరీ వాళ్లది నాసిక్, సిగ్నల్స్ వాళ్లది జబల్‌పూర్, ఈఎంఈ వాళ్లది సికింద్రాబాద్, మా సాపర్లది బెంగళూరు. మందసలో గుడిసెలో ఉండే ముసలావిడకు నాసిక్ ఎటు ఉందో తెలియదు. భర్తది ఏ ఆర్టిలరీ రెజిమెంటో కూడా తెలియదు. "పెద్ద తుపాకులు కాల్చేవాడు" అని మాత్రం తెలుసు.

ఈ పని ఇప్పుడు మా గదిలో జరుగుతోంది. ఒక సభ్యుడి కూతురు, డిగ్రీ చదివే అమ్మాయి, సాయంత్రాలు వచ్చి దరఖాస్తులు నింపుతుంది. మిగతావాళ్లం అఫిడవిట్లు రాయించడం, సాక్షి సంతకాలు పెట్టడం, రికార్డ్ ఆఫీసుకు ఉత్తరాలు పంపడం. సభ్యుల చందాలు పోస్టుకూ జిరాక్సుకూ నోటరీకీ పోతున్నాయి. సంఘం చేయాల్సిన పనేనని అందరం ఒప్పుకున్నాం. అయినా మాకు అధికారం లేదు. మేం రాసిన ఉత్తరానికి జవాబు రావాలన్న నియమం ఎక్కడా లేదు. మా దాకా వచ్చినవాళ్లకే మేం చేయగలం. మా గది సంగతి తెలియని ఇల్లు ఈ సాయానికి ఎప్పటికీ దూరమే. ఒక ప్రభుత్వ పథకం అందడం, అందకపోవడం ఒక ముసలి సంఘం ఓపిక మీద ఆధారపడకూడదు.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం మీద నాకు ఫిర్యాదు లేదు. అది శ్రీకాకుళంలో ఉంది. ఇచ్ఛాపురం నుంచి నూరు కిలోమీటర్ల పైమాటే. ఒక కాగితం తక్కువైందని తిప్పి పంపితే, తప్పు ఎవరిదీ కాకపోయినా ఆ ముసలావిడ మళ్లీ రాదు. ఆ ఆఫీసులో ఉన్నవాళ్లు తక్కువ, చూడాల్సిన జిల్లా పెద్దది. ఆఫీసు ఊళ్ల దగ్గరకు రావడమే దారి. దానికి కావాల్సిన యంత్రాంగం మీ చేతిలో ఇప్పటికే ఉంది.

ప్రతి నెలా ఒకటో తారీఖున సచివాలయ ఉద్యోగి పింఛను డబ్బు పట్టుకుని గడప గడపకూ వెళ్తాడు. జిల్లాలో ఎవరు ఏ ఇంట్లో ఉన్నారో అతనికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. వేలిముద్ర పడకపోతే ముఖం చూపించి పింఛను ఇచ్చే ఏర్పాటు కూడా అతని ఫోనులోనే ఉంది. పెన్షన్ తీసుకునే మా సభ్యులు నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ముఖం చూపించే ఇస్తున్నారు, 2021 నుంచే ఆ సదుపాయం ఉంది. జీడి ఒలిచినావిడ వేలు అరిగినా కళ్లు అరగవు, ముఖం మారదు. అందుకని మా మొదటి మనవి చాలా చిన్నది. వచ్చే నెల ఒకటో తారీఖున ఒకే ఒక ప్రశ్న అదనంగా అడిగించండి: ఈ ఇంట్లో పట్టాళంలో చేసినవారు గానీ, వాళ్ల భార్య గానీ ఉన్నారా, వాళ్లకు మిలటరీ పెన్షన్ వస్తుందా? వచ్చిన జవాబులు మండలాలవారీగా సైనిక సంక్షేమ కార్యాలయానికి పంపించండి. జిల్లాలో పెన్షన్ లేని సైనిక కుటుంబాలు ఎన్ని, ఎక్కడెక్కడ అన్నది అప్పుడు మొదటిసారి తెలుస్తుంది.

రెండోది, నెలకొక రోజు పలాసలో, వీలైతే ఒక నెల విడిచి ఒక నెల ఇచ్ఛాపురంలో సైనిక సంక్షేమ అధికారి కూర్చునేటట్టు చూడండి. ఆయన పక్కన బ్యాంకు మనిషి, కంటిపాప స్కాన్ చేసే పరికరంతో ఆధార్ ఆపరేటరు, ఒక నోటరీ, పెళ్లి రిజిస్ట్రేషను చూసే ఉద్యోగి. ఈ ఐదుగురు ఒక్క బల్ల దగ్గర ఉంటే, ఒక మనిషి ఏడాది పాటు కాళ్లరిగేలా తిరిగే పని మధ్యాహ్నానికి ఒక కొలిక్కి వస్తుంది.

రికార్డ్ ఆఫీసుల సంగతికి మీ సంతకం కావాలి. తడిసిపోయిన, పోయిన డిశ్చార్జి బుక్కుల జాబితా రెజిమెంటువారీగా మేం తయారు చేసి ఇస్తాం. జిల్లా సైనిక్ బోర్డు అధ్యక్షులుగా మీరు దాని మీద ఒక ఉత్తరం పెట్టి పంపితే, ఒంటరి వితంతువు వేలిముద్ర వేసి పంపిన అర్జీకి లేని బరువు దానికి ఉంటుంది. తిత్లీలో ఇల్లు కూలినవాళ్ల పేర్లు రెవెన్యూ రికార్డుల్లో ఉన్నాయి. పుస్తకం ఎందుకు తడిసిందో వాళ్ల చేత మళ్లీ రుజువు చేయించనక్కర్లేదు.

సైనిక్ బోర్డులో అనధికార సభ్యులుగా రిటైరైన అధికారుల్ని తీసుకుంటారు, మంచిదే. ఈసారి ఒక జవాను భార్యను తీసుకోండి. ఏ ఫారంలో ఏ గడి దగ్గర మనిషి ఆగిపోతుందో ఆవిడ చెప్పినట్టు మేమెవరం చెప్పలేం. మా గదిలో ఈ ఏడాది అదే చూశాం.

డయాలసిస్ మీద ఉన్న పెన్షన్ లేని మాజీ సైనికులకు తీవ్రవ్యాధుల కింద సాయం చేసే పథకం కేంద్రీయ సైనిక్ బోర్డుకు ఉంది. ఉద్దానానికి దీనంత అవసరమైనది ఇంకోటి లేదు. పలాస కిడ్నీ ఆసుపత్రిలో, సోంపేట డయాలసిస్ కేంద్రంలో తెలుగులో ఒక బోర్డు పెట్టించండి. నాలుగు లైన్లు చాలు. నర్సమ్మ రోగి పేరు రాసుకునేటప్పుడు "మిలటరీలో చేశారా తాతా" అని అడిగితే ఇంకా మంచిది.

ఇంకో తరం కూడా దారిలో ఉంది. అగ్నిపథ్ కింద 2022 చివర్లో, 2023 మొదట్లో చేరిన మొదటి బ్యాచీలకు నాలుగేళ్లు 2026 చివర్లో, 2027 మొదట్లో నిండుతాయి. నూటికి 25 మంది వరకు ఉంచుకుంటారు, మిగతావాళ్లు సుమారు 11.71 లక్షల సేవానిధితో ఇంటికి వస్తారు. పెన్షన్ ఉండదు, మాజీ సైనికుల హోదా ఉండదని చేరేటప్పుడే చెప్పారు. తెల్లవారుజామున హైవే పక్కన పరుగులు తీసి వెళ్లిన మా ఊరి కుర్రాళ్లు వీళ్లు. పాతికేళ్లకు అటూ ఇటూగా తిరిగొస్తారు. నిబంధనల ప్రకారం వాళ్లు మాజీ సైనికులు కాకపోయినా మా సంఘంలో సభ్యులే. ఈ తీర్మానం మేం ఏకగ్రీవంగా చేశాం, వితంతువుల సభ్యత్వాన్ని వ్యతిరేకించినవాళ్లు కూడా దీనికి చెయ్యెత్తారు. మా కోరిక, వాళ్లు వచ్చే లోపు జిల్లాలో వాళ్ల పేర్లు నమోదు చేసే ఒక రిజిస్టరు తెరవండి. ఎవరు ఏ ట్రేడు నేర్చుకుని వస్తున్నారో, జిల్లాలో ఏ పనికి సరిపోతారో ముందే చూసిపెట్టొచ్చు. వాళ్ల తాతల పేర్ల కోసం ఇనప్పెట్టెలు వెతుకుతున్నాం. వీళ్ల విషయంలో ఆ అవస్థ రాకుండా చూడడానికి ఇంకా సమయం ఉంది.

పలాసలో శిబిరానికి గది మేం చూస్తాం. కుర్చీలు, మంచినీళ్లు, మజ్జిగ మావి. నడవలేనివాళ్లను ఆటోల్లో తీసుకురావడానికి సభ్యులు ఊళ్లు పంచుకున్నారు. సరిచూసిన ఫైళ్లు దరఖాస్తులు నింపే అమ్మాయి ముందే క్రమంలో పెట్టి ఉంచుతుంది. మీ దగ్గరి నుంచి మాకు కావాల్సింది తేదీ. కార్ఖానాలకు సెలవున్న రోజు చూసి ఇవ్వండి, ఆడవాళ్లకు కూలి పోకుండా ఉంటుంది.

ఇట్లు
భవదీయుడు,
ఒక రిటైర్డ్ సుబేదారు,
ఉద్దానంలోని ఒక మాజీ సైనికుల సంఘం కార్యదర్శి